పెరిగిన ఖర్చు, తరిగిన తృప్తి

2025 ఫిబ్రవరి 9న బెంగళూరు ‘నమ్మ మెట్రో’ చార్జీలు పెరిగాయి. 2017 తర్వాత మళ్లీ పెంచడం అదే. గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి చేరింది. కొన్ని స్టేషన్ల మధ్య టికెట్ ధర ఇంచుమించు రెట్టింపైంది. నగరమంతా గగ్గోలు పుట్టడంతో అయిదు రోజులకే మెట్రో సంస్థ కొంత వెనక్కి తగ్గి, ఏ టికెట్టూ 71 శాతానికి మించి పెరగకుండా సవరించింది. అంతకుముందు రోజుకు ఎనిమిది లక్షలు దాటి ఎక్కుతున్న జనంలో సుమారు లక్ష మంది ఆ తర్వాతి వారాల్లో తగ్గిపోయారు. టికెట్ల మీద సంస్థకు వచ్చే రాబడి మాత్రం పెరిగింది.

ధరల పెంపు మీద ఎక్కడ వాదన జరిగినా చివరికి నెగ్గేది ఈ ఆఖరి సంగతే. రాబడి పెరిగిందంటే జనం ఒప్పుకున్నట్టే, కొద్దిరోజులు సణిగినా అలవాటు పడ్డట్టే అని లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పు. అత్యవసరమైన వస్తువు ధర పెరిగినప్పుడు దాని మీద ఖర్చు పెరగడం, కొనేవారి తృప్తి తగ్గడం ఒకే సమయంలో జరుగుతాయి. ఖర్చు చిట్టా చూసి తృప్తిని అంచనా వేసేవారికి ఆ నష్టం కనిపించదు. అది కుటుంబ బడ్జెట్‌లో ఇంకెక్కడో, ఎవరూ కొలవని చోట తేలుతుంది.

దీన్ని లెక్కగట్టే దారి చూపినవాడు ఒక ఇంజినీరు. ఫ్రాన్స్‌లో రోడ్లు, వంతెనల శాఖలో పనిచేసిన జూల్ డ్యుప్యుయి 1844లో ఒక వ్యాసం రాశాడు. వంతెన దాటడానికి సుంకం వసూలు చేస్తే వచ్చే డబ్బు, ఆ వంతెన వల్ల ప్రజలకు కలిగే ప్రయోజనం రెండూ ఒకటి కావని అందులో నిరూపించాడు. దాటేవాళ్లలో చాలామంది కట్టిన సుంకానికి మించి ఇవ్వడానికి సిద్ధంగా ఉంటారు. ఆ తేడా వారి లాభం. సుంకం పెంచితే కొంతమంది దాటడమే మానేస్తారు. వారు పోగొట్టుకున్నది సుంకం వసూలు చేసే వాడికీ దక్కదు. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ తన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్’లో ఈ ఆలోచనకు స్థిరమైన రూపమిచ్చాడు. ఇంటర్మీడియట్‌లో ఆర్థికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ‘వినియోగదారుని మిగులు’ పేరుతో నేర్చుకున్నది ఇదే.

మెట్రోకు దీన్ని అన్వయించి చూద్దాం. అంకెలు నేను వివరణ కోసం వేసుకున్నవి. నలభై రూపాయల టికెట్ అరవై అయిందనుకుందాం. అంతకుముందు నూరుగురు ఎక్కేచోట ఇప్పుడు ఎనభై ఎనిమిది మంది ఎక్కుతున్నారు. ధర సగం పెరిగితే ప్రయాణికులు ఎనిమిదో వంతు దాకా తగ్గారు. డిమాండ్ వ్యాకోచత్వం పావు వంతు చుట్టూ ఉందన్నమాట. రాబడి 4,000 నుంచి 5,280కి పెరిగింది. మిగిలిన ఎనభై ఎనిమిది మంది తలా ఇరవై చొప్పున అదనంగా కట్టింది 1,760 రూపాయలు. ఇది వాళ్ల జేబుల్లోంచి సంస్థ ఖజానాకు మారిన సొమ్ము. రైళ్లు తరచుగా తిప్పడానికో, అప్పు వాయిదా కట్టడానికో పనికొస్తే దాన్ని వృథా అనలేం. దిగిపోయిన పన్నెండు మంది సంగతి వేరు. వాళ్లు నలభైకి ఎక్కేవారు, అరవైకి ఎక్కరు. సగటున తలా పది రూపాయల మిగులు పోయిందనుకుంటే మొత్తం 120 రూపాయలు. పుస్తకం ప్రకారం ప్రయాణికుల మిగులులో ఎవరికీ దక్కకుండా పోయింది ఇంతే.

ఐదు వేల రాబడి ముందు నూట ఇరవై లెక్కా అనిపిస్తుంది. ఇక్కడే సిద్ధాంతాన్ని జాగ్రత్తగా చదవాలి. ‘ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ధర’ మనిషి అవసరాన్ని మాత్రమే కొలవదు, అతని జేబునూ కొలుస్తుంది. వైట్‌ఫీల్డ్‌లో టెక్ పార్కు గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు అరవై రూపాయలు ఇవ్వలేకపోవడానికి, అదే పార్కులో పనిచేసే ఇంజినీరు కారు తీసుకుని వెళ్లిపోవడానికి లెక్కలో ఒకే విలువ పడుతుంది. చేతికి ఎక్కువయ్యేకొద్దీ అదనంగా వచ్చేదాని విలువ తగ్గుతుందనే క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని డబ్బుకే వర్తింపజేస్తే, లేనివాడి పది రూపాయలు ఉన్నవాడి పది రూపాయలకంటే ఎన్నో రెట్లు బరువైనవి. ఈ ఇబ్బంది మార్షల్‌కు తెలుసు. ఏడాదికి నూరు పౌండ్ల జీతమున్న గుమాస్తా మూడు వందల పౌండ్ల గుమాస్తా కంటే ఎంతో జోరువానలోనూ ఆఫీసుకు నడిచే పోతాడని ఆయన అదే పుస్తకంలో చెప్పాడు. ట్రామ్ టికెట్ డబ్బు పేదవాడికి ఎక్కువ ప్రయోజనానికి కొలత కాబట్టి. నూట ముప్పై ఏళ్లు దాటిన ఆ మాట మన మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర అక్షరాలా నిజం. కాబట్టి ఆ 120 రూపాయలను చిన్న అంకె అని తోసిపుచ్చడానికి ముందు అవి ఎవరివో తెలియాలి.

ఇక ఎక్కుతూనే ఉన్న వాళ్ల సంగతి. రోజుకు రెండు ప్రయాణాలు, నెలకు పాతిక రోజులు అనుకుంటే రెండు వేల ఖర్చు మూడు వేలయింది. ఈ వెయ్యి రూపాయలు ఏం చేస్తాయి? 1915లో యెవ్‌గెనీ స్లట్‌స్కీ ఒక ఇటాలియన్ పత్రికలో దీనికి జవాబు రాశాడు. ప్రపంచ యుద్ధం హోరులో ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 1934లో, జాన్ హిక్స్, రాయ్ ఆలెన్ ఇంగ్లండ్‌లో అదే ఫలితానికి సొంతంగా చేరుకున్నారు. ధర పెరిగితే రెండు పనులు జరుగుతాయి. ఖరీదైన దాన్ని తగ్గించి చవకైన దానివైపు మళ్లడం ఒకటి. అది ప్రత్యామ్నాయ ప్రభావం. చేతిలో ఉన్న డబ్బుకే కొనే శక్తి తగ్గి, మొత్తంగా పేదవాడు కావడం రెండోది. అది ఆదాయ ప్రభావం. మొదటి దారి ఎంత విశాలంగా ఉంటే రెండోదాని దెబ్బ అంత తగ్గుతుంది. ఆ వెయ్యి రూపాయలూ తెచ్చి చేతిలో పెడితే ఆ ప్రయాణికుడు వెనకటి కంటే కాస్త మెరుగ్గానే ఉంటాడని సిద్ధాంతం చెబుతుంది. ఎందుకంటే అతను పాత పద్ధతిలోనే ప్రయాణించనూవచ్చు, కొన్నిరోజులు బస్సెక్కి మిగుల్చుకోనూవచ్చు. అసలు నష్టం వెయ్యికంటే తక్కువేనన్న మాట. వినియోగదారుల ధరల సూచీ జీవన వ్యయాన్ని ఎక్కువ చేసి చూపుతుందన్న విమర్శకు ఒక మూలం ఇదే. అమెరికాలో 1996లో బాస్కిన్ కమిషన్ తమ సూచీ ఏటా 1.1 శాతం పాయింట్ల మేర ఎక్కువ చూపుతోందని తేల్చినప్పుడు ఆ తేడాకు చెప్పిన కారణాల్లో జనం చవకైనవాటివైపు మళ్లడమూ ఉంది.

మళ్లే దారి ఉంటేనే కదా మళ్లడం. బెంగళూరులో 2025లో ఏం జరిగిందో వరసగా చూడండి. జనవరి 5న బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. నెల తిరగగానే మెట్రో. ఏప్రిల్ 1న డీజిల్ మీద రాష్ట్ర పన్ను 18.44 శాతం నుంచి 21.17 శాతానికి పెరిగింది. జూన్ 16 నుంచి బైక్ ట్యాక్సీలు నిలిచిపోయాయి. ఆగస్టు 1న ఆటో కనీస చార్జీ 30 నుంచి 36 రూపాయలైంది. ఎనిమిది నెలల్లో ఒకదానికొకటి ప్రత్యామ్నాయమైన దారులన్నీ ఖరీదయ్యాయి, ఒకటి మూసుకుపోయింది. ప్రతి నిర్ణయం వేరే సంస్థది, ప్రతిదానికీ సొంత సమర్థన ఉంది. చార్జీల కమిటీ మెట్రోను చూసింది, రవాణా శాఖ బస్సును చూసింది. ఇవన్నీ ఒకే మనిషి జేబులోకి ఒకే ఏడాది చేతులు పెడుతున్నాయని ఎవరి ఫైలులోనూ లేదు. ఒక్క మెట్రో మాత్రమే పెరిగి ఉంటే సిద్ధాంతం చెప్పిన తగ్గింపు వర్తించేది. అన్నీ కలిసి పెరిగినప్పుడు మిగిలేది ఎక్కువగా ఆదాయ ప్రభావమే.

ఒక దారి మాత్రం ధర లేకుండా తెరిచే ఉంది. 2023 జూన్ 11న మొదలైన ‘శక్తి’ పథకం కింద కర్ణాటక మహిళలకు సాధారణ బస్సు ప్రయాణం ఉచితం. తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చాయి. మెట్రో ధర పెరిగాక ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో భార్య బస్సుకు మారి, భర్త మెట్రోలోనే పోతే ఇంటికి డబ్బు కలిసొస్తుంది. పథకం విలువ అప్పుడు నిజంగా తెలుస్తుంది. అయితే గారీ బెకర్ 1965లో చెప్పిన మాట ఒకటి ఇక్కడ కలుపుకోవాలి. ఏ వస్తువుకైనా పూర్తి ధర అంటే డబ్బు, దాని మీద పెట్టే కాలం రెండూ కలిపి. 2024లో బెంగళూరు రోడ్ల మీద పది కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్క. బస్సుకు స్టాపుల్లో ఆగే సమయం అదనం. ఇంటికి వచ్చి వంట చేయాల్సిన మనిషే ఆ కాలాన్ని చెల్లిస్తోంది. కుటుంబ ఖర్చులో ఇది ఆదాగా కనిపిస్తుంది, ఆమె రోజులో మాత్రం గంట తగ్గుతుంది.

రూపాయి లెక్కకు చిక్కని మరో కష్టం అద్దెలది. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో సుమారు 14 శాతం మందికి తెలుగు మాతృభాష. మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్‌లలో తెలుగు కుర్రాళ్లతో నిండిన పీజీలు, ఆంధ్రా మెస్సులు అందరికీ తెలిసినవే. ఇక్కడ కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాల నెల బడ్జెట్‌లో అద్దె, పిల్లల బడి ఫీజు, బండి వాయిదా ముందే కట్టుబడి ఉన్న ఖర్చులు. పెరిగిన మెట్రో టికెట్ కోసం ఇల్లు చిన్నది చేసుకోలేరు. మారాలంటే మళ్లీ అడ్వాన్సు, సామాన్ల లారీ, బ్రోకరు కమీషను. రాజ్ చెట్టి, ఆడమ్ సైడ్ల్ 2007లో ఇలాంటి కట్టుబాటు ఖర్చుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఆదాయంలో పెద్ద భాగం కదపలేని ఖర్చులకు పోతే, మధ్యస్థంగా తగిలే దెబ్బంతా కదపగలిగిన కొద్ది వస్తువుల మీదే పడుతుందనీ, అందువల్ల మనుషులు ఆ స్థాయి నష్టానికి ఎక్కువ భయపడతారనీ వాళ్ల వాదన. నలభై వేల జీతంలో వెయ్యి రూపాయలంటే రెండున్నర శాతమే. అద్దె, ఫీజు, వాయిదా, ఊరికి పంపే డబ్బు పోగా చేతిలో ఆడేది ఎనిమిది వేలైతే ఆ వెయ్యి ఎనిమిదో వంతు. పళ్లు, పిల్లలకు కొనే పుస్తకాలు, అమ్మానాన్నలను చూసి రావడానికి ఊరి ప్రయాణం, ముందుగా పోయేవి ఇవే. మెట్రో సంస్థ లెక్కల్లో గానీ, వినియోగ వ్యయం పెరుగుతోందని సంతోషించే నివేదికల్లో గానీ ఈ కోతలు ఎక్కడా నమోదు కావు.

2023–24 గృహ వినియోగ వ్యయ సర్వేలో కర్ణాటక పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 8,076 రూపాయలు, తెలంగాణ పట్టణాల్లో 8,978, ఆంధ్రప్రదేశ్‌లో 7,182. ఇలాంటి పట్టికలు వెలువడ్డ రోజున ఏ రాష్ట్రం ముందుందో పోల్చి మురిసిపోవడం పత్రికలకూ నాయకులకూ మామూలే. ఎక్కువ కొనుక్కున్నందువల్ల పెరిగిన ఖర్చు ఎంత, అదే వస్తువుకు ఎక్కువ కట్టినందువల్ల పెరిగినది ఎంత అన్నది విడదీయకుండా ఆ పోలికలకు అర్థం లేదు.

పాల సంగతి ఇంకా లోతుగా చూడదగ్గది. 2023 జూలైలో కర్ణాటక పాల సమాఖ్య అమ్మే ‘నందిని’ నీలం ప్యాకెట్ పాలు లీటరు 39 రూపాయలు. ఆగస్టులో 42 అయింది. 2024 జూన్‌లో ప్యాకెట్‌లో 50 మిల్లీలీటర్లు పెంచి రెండు రూపాయలు కలిపారు. అదనంగా పోసిన పాలకు అదనపు డబ్బు కనుక ఇది పెంపు కాదన్నారు. 2025 ఏప్రిల్ 1న ఆ అదనపు పాలు తీసేసి లీటరు 46 చేశారు. రెండేళ్లు నిండకుండానే 18 శాతం. రోజుకు లీటరున్నర వాడే ఇంటికి ఆఖరి నాలుగు రూపాయల పెంపే నెలకు 180. పిల్లలున్న ఇంట్లో పాలు మానరు. మానకపోయినా సర్దుబాటు జరుగుతుంది. చిక్కటి పాల ప్యాకెట్ నుంచి నీలం ప్యాకెట్‌కు దిగుతారు, కాఫీలో నీళ్లు కాస్త ఎక్కువవుతాయి, పెరుగు పలచనవుతుంది. బియ్యంలోనూ అంతే. పాత సోనామసూరి తినే ఇల్లు కొత్త బియ్యానికి దిగుతుంది, సింధనూరు, గంగావతి బియ్యంలోనే ఒక మెట్టు కింది రకం వెతుక్కుంటుంది. సర్వేలో అన్ని కిలోల బియ్యం, అన్ని లీటర్ల పాలు అలాగే ఉంటాయి. పరిమాణం మారకుండా నాణ్యత జారిపోయే ఈ తీరు కొలతకు ఎంత అడ్డమో ఆంగస్ డీటన్ ఎనభైల్లోనే చూపించాడు. వినియోగం, పేదరికం, సంక్షేమం మీద కృషికి 2015లో ఆయనకు నోబెల్ వచ్చింది.

పాల ధర మీద కోపం మాత్రం మెట్రో మీద వచ్చినంత రాలేదు. పెంచిన నాలుగు రూపాయలూ పాడి రైతుకే పోతాయని ప్రభుత్వం చెప్పడం దానికి ఒక కారణం అని నా నమ్మకం. ధర ఎంత అన్నదానితో పాటు ఎందుకు, ఎవరికి అన్నవీ తృప్తిలో భాగాలు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1986లో ప్రచురించిన పరిశోధన కోసం కెనడాలో ఒక ప్రశ్న అడిగారు. పదిహేను డాలర్లకు అమ్మే మంచు పార ధరను, పెద్ద మంచు తుపాను కురిసిన మర్నాడు దుకాణదారు ఇరవై చేస్తే న్యాయమేనా? నూటికి 82 మంది కాదన్నారు. ఖర్చు పెరిగి ధర పెంచితే సహిస్తారు, అవసరం చూసి పెంచితే సహించరు. సంక్రాంతికి బెంగళూరు నుంచి విజయవాడకో, తిరుపతికో ప్రైవేటు బస్సు టికెట్ రెండింతలు, మూడింతలు కట్టిన వాళ్లకు ఈ సర్వే ఫలితం కొత్తగా అనిపించదు. టికెట్ కొంటారు, పండక్కి వెళ్తారు, ఆ డబ్బు వినియోగ వ్యయంలో చేరుతుంది, మనసులో కక్ష కూడా చేరుతుంది. 2025 మే నెలలో క్యాబ్ యాప్‌లు బండి రాకముందే టిప్ అడగడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉబర్‌కు నోటీసు ఇవ్వడం, అది అనైతికమని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి అనడం ఈ న్యాయ భావన నుంచి వచ్చినవే.

తగ్గిన ధర ఎందుకు గుర్తుండదో చెప్పే ఉదాహరణా నందినిదే. జీఎస్టీ తగ్గిన 2025 సెప్టెంబర్ 22న లీటరు నెయ్యి 650 నుంచి 610కి దిగింది. నవంబర్ 5న 700 అయింది. మొదటి ధరతో పోలిస్తే పెరిగింది యాభై. కానీ చేతికి అంది పోయిన నలభై కూడా నష్టంలోనే జమ అవుతుంది. లాభం ఇచ్చే ఆనందం కంటే అంతే నష్టం ఇచ్చే బాధ పెద్దదని కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పింది ఇదే.

ప్రత్యామ్నాయం బాగా పనిచేసే చోట బాధ ఎలా తగ్గుతుందో చెప్పడానికి టమాటా ఉంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటింది, కోలారు మండీలోనూ అదే మంట. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం, ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం. సూచీలో టమాటా వాటా ఒక శాతం కూడా లేదు, అయినా దేశమంతా దాని గురించే మాట్లాడింది. తెలుగు వంటింటికి మాత్రం చింతపండు అనే పాత ఆధారం ఉంది. పప్పులో, చారులో, పులుసులో టమాటా రాకముందు మనది చింతపండు పులుపే. అందువల్ల అప్పుడు చాలా ఇళ్లు టమాటా కొనడం తగ్గించాయి గానీ అన్నం రుచి మరీ చెడలేదు. మరికొన్ని వారాలకే ధర పాతాళానికి పడిపోయి రైతు కుప్పకూలాడు. కొనేవాడి తృప్తి గురించి రాసేటప్పుడు ఈ రెండో వైపును దాటేయడం నాకు న్యాయమనిపించదు. టమాటాకు చింతపండు ఉన్నట్టు మెట్రోకు ఏదీ లేదు, అద్దెకు అసలే లేదు. ధరల పెరుగుదలను ఒకే శాతంతో చెప్పినప్పుడు ఈ తేడా చెరిగిపోతుంది.

2025 అక్టోబర్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడింది. 2012 ఆధార సంవత్సరపు సూచీలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆ నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు సర్వే చేసినప్పుడు, బెంగళూరు, హైదరాబాద్ సహా 19 నగరాల్లో కుటుంబాలు తమకు అనుభవమవుతున్న ద్రవ్యోల్బణం 6 శాతం పైనే అన్నాయి. ప్రజలకు లెక్కలు తెలియవని నవ్వేసేవారున్నారు. సూచీ కొలిచేది పెరుగుదల వేగాన్ని. మనిషి అనుభవించేది ధర చేరిన ఎత్తును, దాని పక్కన తన జీతాన్ని. ఆ సూచీ 2012లో 100 అయితే 2025 నాటికి రెట్టింపుకు దగ్గరైంది. ఈ పదమూడేళ్లలో పెద్ద ఐటీ సంస్థల్లో కొత్తగా చేరే ఇంజినీర్లకు ఇచ్చే జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. అప్పట్లో మూడు లక్షల పాతిక వేలతో చేరిన పిల్లవాడి కొనుగోలు శక్తి ఇవాళ రావాలంటే ఆరు లక్షలకు పైగా కావాలి. స్టెఫనీ స్టాంచేవా 2024లో అమెరికన్లను అడిగి తెలుసుకున్న సంగతి ఒకటి ఇక్కడా సరిపోతుంది. జీతం పెరిగితే అది తమ ప్రతిభ అనీ, ధరలు పెరిగితే అది తమకు జరిగిన అన్యాయమనీ జనం భావిస్తారు. మన కుర్రాళ్ల విషయంలో ఆ రెండో భావన భ్రమ కూడా కాదు.

నగదు పథకాలకు ఇందులో పాఠం ఉంది. కర్ణాటక అన్నభాగ్యలో అదనంగా ఇస్తామన్న అయిదు కిలోల బియ్యం దొరకక, 2023 జూలై నుంచి కిలోకు 34 రూపాయల చొప్పున మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. ప్రభుత్వ లెక్కలో రెండూ సమానమే. బెంగళూరు కిరాణా కొట్టులో కిలో యాభై దాటిన సోనామసూరి కొనేవాళ్లకు ఆ డబ్బుతో వచ్చేది మూడు కిలోల చిల్లర. ధర పెరిగిన భారం ప్రభుత్వం మీంచి ఇంటి మీదికి చప్పుడు లేకుండా జారింది. 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ బియ్యమే ఇవ్వడం మొదలుపెట్టారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యానికి ఉన్న బలం ఇదే. బజారు ధర ఎటుపోయినా పేదింటి కంచం దానికి కట్టుబడి లేదు. నగదు ఇవ్వాలనుకుంటే ఏటా సూచీతో పాటు పెంచే నిబంధన అందులో ఉండాలి. ఇప్పుడు మన మూడు రాష్ట్రాల్లో ఇచ్చే నగదు పథకాల్లో చాలావాటికి అది లేదు.

చార్జీల వైపుకు మళ్లీ వస్తే, ఎప్పుడూ పెంచొద్దనడం నా ఉద్దేశం కాదు. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచి ఒకేసారి మీద పడేయడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. నష్టాలన్నీ ఒక్కసారే వస్తే మనసుకు బాధ తక్కువని థేలర్ 1985లో రాశాడు. మనసుకు కావచ్చు. కట్టుబాటు ఖర్చులతో బిగిసిన బడ్జెట్‌కు మాత్రం చిన్న చిన్న అడుగులే సర్దుబాటు వీలు కల్పిస్తాయి. హైదరాబాద్ మెట్రో 2025 మే 17న గరిష్ఠ చార్జీ 75 చేసి, వారంలోనే తగ్గించి 69కి దిగింది. కొత్త పట్టికను ముందే జనం ముందు పెట్టి ఉంటే ఆ వారం గొడవ ఉండేది కాదు. అదే మెట్రో 2023లో విద్యార్థులకు ఇరవై ప్రయాణాల డబ్బుతో ముప్పై ప్రయాణాల పాస్ ఇచ్చింది. జేబు సన్ననైన వాళ్లను విడిగా గుర్తించి ధర వేయడం సాధ్యమేనని అది చూపింది.

బెంగళూరులో ఆ తర్వాత వినిపించిన సమర్థన వేరే. 2025 ఆగస్టు 11న ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్రకు పసుపు మార్గం జనానికి తెరిచారు. ఆ ఒక్కరోజే మొత్తం మెట్రో ప్రయాణికులు పది లక్షలు దాటారు. చూశారా, ధర పెంచినా జనం పెరిగారు అన్నారు. డిమాండ్ రేఖ మీద కదలిక వేరు, రేఖే జరగడం వేరు అన్నది మొదటి సంవత్సరం పాఠం. ఎలక్ట్రానిక్ సిటీకి కొత్త దారి వస్తే కొత్త జనం వస్తారు. ఫిబ్రవరిలో దిగిపోయిన లక్ష మంది తిరిగి వచ్చారా అన్న ప్రశ్నకు ఆ అంకెలో జవాబు లేదు. జవాబు స్మార్ట్ కార్డుల సమాచారంలో ఉంది. ఏ స్టేషన్‌లో, ఏ వేళ, ఎన్ని కిలోమీటర్ల ప్రయాణికులు తగ్గారు, రోజూ వాడే కార్డుల్లో ఎన్ని ఆగిపోయాయి అన్నది పేర్లు లేకుండా తీయడం కష్టమైన పనేమీ కాదు. 2002 నాటి మెట్రో రైల్వే చట్టం కింద ఈసారి కూర్చునే చార్జీల నిర్ణయ కమిటీ, కొత్త పట్టిక ప్రకటించడానికి ముందే ఈ లెక్కను, అదే ఏడాది బస్సు, ఆటో ధరలు ఎంత పెరిగాయో చూపే లెక్కతో కలిపి ప్రజల ముందు పెట్టాలి.